బొగ్గు గీత దిగిన కాలంలో మా అక్కయ్యగారు

పందొమ్మిది వందల తొంభయ్యో సంవత్సరం ఆగస్టు ఆరో తేదీన మన ఇంధన గణాంక కార్యాలయంలో సహాయకురాలిగా అడుగుపెట్టి, ఈ నెలాఖరున ఉపసంచాలకురాలి హోదాలో పదవీ విరమణ చేయనున్న మా అక్కయ్యగారిని గురించి రాసే బాధ్యతను, ఎన్నో ఏళ్లుగా వారి పక్క బల్ల దగ్గర పనిచేసిన నాకు అప్పగించారు. ఆనందంగా రాయవలసిన ఈ మాటలు దుఃఖం కలవకుండా రావడం లేదు, మన్నించగలరు.

అభివృద్ధి చెందిన దేశాలలోనూ, మన ప్రాంతంలోనూ బొగ్గు, సహజవాయువు, అణుశక్తి, జలశక్తి, గాలి, ఎండ, వీటిలో దేని నుంచి ఎంత విద్యుత్తు పుడుతున్నదో ఏటేటా లెక్కగట్టి సమీక్షా గ్రంథంగా వెలువరించడం వారి విభాగపు విధి. ఒక్కొక్క వనరుకు ఒక్కొక్క రంగు గీత. ఆ గీతలపై వారి మమకారం చూసి కార్యాలయమంతా ‘గీతక్కయ్య’ అని పిలవసాగింది. కొత్తగా చేరినవారు అదే అసలు పేరనుకుని సెలవు చీటీల మీద కూడా అలాగే రాసిచ్చేవారు. అక్కయ్యగారు నవ్వి సంతకం చేసేవారు.

తల్లిదండ్రులు చిన్ననాడే గతించగా వారిని పెంచి, చదివించినవారు అన్నగారు. ఊరి చివరి బొగ్గు విద్యుత్కేంద్రంలో బాయిలరు దగ్గర ఆయన ఉద్యోగం. గ్రంథం అచ్చయి రాగానే అందులో నల్లగీత అన్నిటికంటే పైన ఉండడం చూసి, “చూశావా చిట్టీ, మనదే పైచేయి!” అని మురిసిపోయేవారట.

కాలక్రమంలో గీతలు తారుమారయ్యాయి. వాయువు పైకి వచ్చింది. గాలి, ఎండ అడుగునుంచి లేచాయి. బొగ్గు గీత వంగి దిగసాగింది. ఆ అధ్యాయం రాయవలసిన వంతు అక్కయ్యగారిదే అయింది. కార్మికుల్లో కలవరం రేగుతుందని వెరచిన అప్పటి సంచాలకులు, “తాత్కాలిక తగ్గుదల అని రాసేయండమ్మా, ఎవరికేం నష్టం?” అన్నారు.

“మా అన్నయ్యకే నష్టమండీ. తాత్కాలికమని నమ్మి ధీమాగా కూర్చుంటాడు. నిజం తెలిస్తే ఇంకో పనన్నా నేర్చుకుంటాడు” అని బదులిచ్చి, ఈ తగ్గుదల ఆగేది కాదని రాశారు.

అన్నగారు ఇంకో పని నేర్చుకోలేదు. రెండేళ్లకు కేంద్రం మూతపడింది. మూసివేత ప్రకటనలో అక్కయ్యగారి వాక్యాన్నే యథాతథంగా ఉదహరించారు. ఆ సాయంత్రం మేమిద్దరం బయటికి వస్తుండగా, అన్నగారు పని దుస్తుల్లోనే గేటు దగ్గర నిలబడి ఉన్నారు.

“మూసింది వాళ్లే. కానీ ఆ కాగితంలో ఉన్నది నీ మాట చిట్టీ.”

“అబద్ధం రాయమంటావా అన్నయ్యా?”

“వద్దు. నువ్వు అబద్ధం రాస్తే నిన్ను పెంచిన నాకే సిగ్గు. కానీ నీ మొహం చూడటం నావల్ల కావట్లేదు.”

ఏళ్ల తరబడి మాటల్లేవు. అక్కయ్యగారు ప్రతి సెలవుకూ వెళ్లి వదినగారితో వంటింట్లో కూర్చుని వచ్చేవారు. ముందుగదిలో అన్నగారు ముఖానికి అడ్డుపెట్టుకున్న వార్తాపత్రిక దించేవారు కాదు. ఆ రోజుల్లోనే అక్కయ్యగారు పట్టుబట్టి, మూతపడిన కేంద్రాల కార్మికులు ఏమయ్యారన్న కొత్త అధ్యాయాన్ని మన గ్రంథంలో చేర్పించారు. వారి ఇళ్లకు స్వయంగా వెళ్లి మాట్లాడి రాశారు. అంకెల గ్రంథంలో మనుషులు కనిపించడం అదే మొదలు.

ఊపిరితిత్తులు చెడి అన్నగారు మంచం పట్టిన తరువాత, ఒకనాడు ఆ అధ్యాయం తిరగేస్తూ, “మావాళ్లందరూ ఉన్నారే. నేను లేనేం?” అన్నారు.

“నువ్వు నోరు విప్పితేగా నేను రాసేది!”

ఇద్దరూ నవ్వారు, తరువాత ఇద్దరూ ఏడ్చారు అని వదినగారు నాతో చెప్పారు. నిరుడు అన్నగారు కన్నుమూశారు.

ఈ వీడ్కోలు సభ ప్రస్తావన తెచ్చినప్పుడు అక్కయ్యగారు, “అంతకాలం పొగలో పనిచేసిన మా అన్నయ్యకు ఎవరూ సభ చెయ్యలేదు. నాకెందుకమ్మా?” అన్నారు. చివరికి వదినగారే, “ఆయనకు జరగలేదని నీకూ వద్దా అమ్మాయ్? ఆయనుంటే అందరికంటే ముందొచ్చి కూర్చునేవారు. పద, నేనొస్తాను” అని ఒప్పించారు.

అక్కయ్యగారూ, విరమణ తరువాత మీరు వదినగారి దగ్గరే ఉండబోతున్నారని విని మా మనసులు కొంత కుదుటపడ్డాయి. అన్నగారికి దక్కకుండా పోయిన తీరిక దినాలన్నీ మీ ఆయుష్షులో వచ్చి కలవాలనీ, మీరిరువురూ ఒకరికొకరు తోడుగా, ఆరోగ్యంతో, నిండుగా ఊపిరి పీలుస్తూ బహుకాలం జీవించాలనీ మనసారా కోరుకుంటున్నాను.