ఎడమ మూల చీకటి

…బతికున్న మనిషి మొహం అంత నీలంగా ఉండదు కదా, తప్పు టీవీదా, వీడియోదా, లేక ఆ పిల్ల మొహమే ఆ రోజు అలా ఉందా అన్నది టీవీ రంగులు సరిచెయ్యడానికొచ్చిన సమత్‌కి తేలలేదు. కిర్గిజ్ కొండల ఊరు నరిన్‌లో మూడో అంతస్తు ఇల్లు. గోడకి కొత్త టీవీ, తెర మీద ఆగిపోయిన పెళ్ళి వీడియో. అతని వెనక ఇంటావిడ బురుల్, అమ్మా అన్నట్టు అతను అపా అని పిలిచే మనిషి; పక్కన ఆమె పది రోజుల కోడలు అనారా.

"ఏం నాయనా, ఏమైంది దీనికి? కొట్లో కళ్ళు చెదిరిపోయాయి ఈ టీవీకి. ఇంటికొచ్చాక మా కోడలు శవంలా కనిపిస్తోంది."

"కొట్లో పెట్టే రంగులు ఇంటికి పనికిరావు, అపా. అవన్నీ తీసేస్తాను. ముందు తెలుపు కుదరాలి. పిల్ల తల మీది ఆ ముసుగు అసలు ఏం తెలుపు?"

"మా అత్తగారిది. కాస్త పసుపు తిరిగింది. అయినా మంచులా కనబడాలి. వియ్యంకుడు చూడాల్సింది ఆ ముసుగే."

"ఎప్పుడొస్తున్నారు?"

"పన్నెండింటికి. మా అబ్బాయి తిలెక్ కింద పెరట్లో గొర్రెను కోస్తున్నాడు. పిల్ల ఇష్టపడే వచ్చిందని ఉత్తరం రాయించి..."

"రాయించా?"

"రాసింది. రాసింది అన్నాను. ఆ మనిషి నమ్మడే! వేసిన ముసుగు ఉంచుకుంటేనే పెళ్ళికి ఒప్పుకున్నట్టు, తీయకుండా ఉంచుకుందా లేదా నా కళ్ళతో చూడాలి, ఒక్కసారి లాగిపారేసినా నా బిడ్డని తీసుకుపోతా అంటాడు. చూసుకోమను. వేశాం, ఉంచుకుంది. ఏమే అనారా, తీశావా?"

"తీయలేదు, అత్తయ్యా."

"విన్నావుగా."

"ఇలా రా చెల్లీ, టీవీ పక్కన నిలబడు. నీ ఒంటి రంగు చూసి ఎరుపు కలుపుతాను. వెలుగులోకి... ఇంకొంచెం ఇటు తిరుగు."

"ఆ చెంప ఎందుకు, ఈ చెంప చూడు. మెట్ల మీద పడి అది కమిలింది."

"మణికట్లు రెండూ కమిలాయి, అవి కూడా మెట్ల మీదే పడ్డాయా?"

"నువ్వు టీవీ సరిచెయ్యడానికొచ్చావా, మా కోడల్ని చూడ్డానికొచ్చావా?"

"ఊరికే అడిగాను, అపా. మా ఆవిడా ఇలాగే వచ్చింది. మా అన్నదమ్ములం కార్లో ఎత్తుకొచ్చాం. మూడు రోజులు ఏడ్చింది. పదకొండేళ్ళయింది, ఇప్పుడు బాగానే ఉంది."

"మరి! అందరం అలాగే వచ్చాం."

"బాగానే ఉందని ఆవిడ చెప్పిందా, అన్నా?"

"చెప్పడం అంటే... నవ్వుతూనే ఉంటుంది."

"నేనూ నవ్వుతాను. ఇవాళ పన్నెండింటికి నవ్వమన్నారు."

"నోర్ముయ్! తిలెక్‌ని పిలవనా? చేతిలో కత్తితోనే వస్తాడు."

"పిలవండి. నిన్న జడ పట్టుకుని గోడకేసి బాదినప్పుడు ఉత్త చేతులే."

"అపా, అపా, కూర్చోండి. మొహం కుదిరింది. ఇక చీకటి ఒక్కటే. ఈ ఎడమ మూల చూడండి, ముద్ద నలుపు. అందులో ఏదో ఉంది, టీవీ మింగేస్తోంది. వెలుగు ఒక్కొక్క గీతే పెంచుతాను."

"ఏముంటుంది అక్కడ? కర్టెన్. మా పాత టీవీలోనూ నల్లగానే ఉండేది."

"కర్టెన్ కాదు... చెయ్యి."

"చుట్టాలు నిలబడ్డారు. చుట్టాలకి చేతులుండవూ?"

"ఎవరో ఈ పిల్ల చేతులు వెనక్కి విరిచి పట్టుకున్నారు. మోకాలు నడుం మీద పెట్టి... ఇంకొకరి చెయ్యి జుట్టులో ఉంది, మెడ వంచుతోంది. ముసుగు తీయలేదన్నారు, అపా. ఏ చేత్తో తీస్తుంది?"

"జుట్టులో ఉన్న చేతికి ఉంగరం చూడన్నా. ఎర్రరాయిది."

"అపా... అది మీ వేలికి ఉంది."

"చాలు, తగ్గించు! ముందే బావుంది. నల్లగా చేసెయ్. నన్ను నలుగురు పట్టుకున్నారయ్యా. గుర్రం మీద అడ్డంగా పడేసి తెచ్చారు. పక్కటెముక విరిగింది. నేను బతకలేదా? మా అత్త నాకు ముసుగు వేసింది, దీనికి నేను వేశాను, రేపు కోడలికి ఇది వేస్తుంది."

"నేను వెయ్యను."

"వెయ్యవూ? నీ..."

"కొట్టకండి, అపా! ఆ చెయ్యి దించండి!"

"వదులు నన్ను! తిలెక్! ఒరే తిలెక్!"

"వినబడదు, అత్తయ్యా. నేను అరిస్తే కేక బయటికి పోకూడదని కిటికీకి రెండో అద్దం బిగించింది మీరే."

"ఎవరది, గంట కొడుతున్నారు?"

"మా నాన్న. ఎప్పుడూ ముందే వస్తాడు."

"నాయనా, నీ కాళ్ళు పట్టుకుంటాను, తగ్గించు. ఇది చూస్తే నా కొడుకు జైలుకి పోతాడు. ఇవాళ నా గుమ్మం, రేపు నీ గుమ్మం. నీ ఇల్లాలిదీ ఇదే కథ కాదూ? నీకు తెలీదా?"

"తెలుసు."

"మరి తగ్గించవేం? మళ్ళీ కొడుతున్నాడు గంట!"

"ఆ రోజు మా ఆవిడ చేతులు వెనక్కి విరిచింది నేనే, అపా. వెళ్ళి తలుపు తియ్యి, చెల్లీ. రిమోట్‌లో బ్యాటరీలు తీసి జేబులో వేసుకున్నాను."