ఉత్తినే మోగే గంట

అలా గోడవైపు తిరిగి పడుకుంటే ఎలాగే? ఒక్క మాటంటే ముత్యాలు రాలిపోతాయా? తిట్టు, పడతాను. చిన్నప్పటినుంచీ నీ నోటికి అడ్డూ ఆపూ లేదు, నిన్నటినుంచే మూతపడాలా?

నవ్వాననేగా నీ కోపం.

అవును, నవ్వాను. డాక్టరమ్మ రిపోర్టు చూసి, నీ జబ్బుకి మూలం ఫలానా ప్రోటీన్ అని పేరు చెప్పగానే నవ్వొచ్చేసింది. వేళ్లు నల్లబడి, ఊపిరాడక నువ్వు మంచమ్మీద ఉంటే, పక్కన కూర్చున్న తోడబుట్టినది పళ్లికిలించింది. డాక్టరమ్మే బిత్తరపోయింది పాపం.

నీ మీద నవ్వలేదే. ఎలా చెప్పను? నేను పొద్దస్తమానం ల్యాబులో ఏం చేస్తానో నువ్వెప్పుడూ అడగలేదు. అక్క పురుగుల్ని పెంచుతుందని అందరి దగ్గరా వేళాకోళం చేశావు. ఆ పురుగులకీ వైరస్‌లు సోకుతాయే. బాక్టీరియాకి జబ్బేమిటని అనకు. వైరస్ లోపలికి దూరగానే ఒక ప్రోటీన్ పసిగట్టి గంట కొడుతుంది. గంట మోగిందా, ఆ కణం తనంతట తనే చచ్చిపోతుంది, వైరస్ పిల్లల్ని పెట్టేలోపే. దాంతో చుట్టుపక్కలవి బతికిపోతాయి.

ఆ గంటే, కాస్త అటూ ఇటూగా, మన ఒంట్లోనూ ఉంది. డాక్టరమ్మ చెప్పిన పేరు దానిదే. మనుషులు పుట్టకముందు నుంచీ చేతులు మారుతూ వచ్చింది. మనలో అది మోగితే ఒళ్లంతా వైరస్ మీద యుద్ధానికి లేస్తుంది. నీకేమైందంటే, ఆ ప్రోటీన్‌ని తయారుచేసే జన్యువులో ఒక్కచోట తేడా. స్విచ్ ఇరుక్కుపోయిన కాలింగ్ బెల్ చూడు, గుమ్మంలో ఎవరూ లేకపోయినా మోగుతూనే ఉంటుంది, అలాగన్నమాట. కొట్టడానికి వైరస్ లేదు కాబట్టి ఒళ్లు నీ వేళ్లనీ, ఊపిరితిత్తుల్నీ కొడుతోంది.

అలాంటి తేడా ఉన్న మనిషి కోసం ఎన్ని ఆసుపత్రులకి రాశానో తెలుసా? బాక్టీరియాలో నేను చూసింది మనిషిలోనూ నిజమేనని చూపించాలి మరి. ఎక్కడా దొరకలేదు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికాను. నువ్వొచ్చి వేళ్లు చూపిస్తే ఏమన్నాను? చలికి అందరికీ అంతేనే, చన్నీళ్లలో గిన్నెలు తోమకు, అన్నాను. రాసుకోమని క్రీమొకటి ఇచ్చి పంపాను.

తలెక్కడ పెట్టుకోవాలో తెలియడంలేదు.

సరే, నవ్వు సంగతి వదిలెయ్. ఆ తరవాత నేనడిగిన మొదటి ప్రశ్న నువ్వూ విన్నావుగా. మా చెల్లి బతుకుతుందా అని అడుగుతారు కదా ఎవరైనా? నేను, ఆ తేడా సరిగ్గా ఏ చోట ఉందండీ అని అడిగాను. మందులున్నాయని, ఆ గంట జోరు తగ్గించే మాత్రలు పొద్దున్నే మొదలుపెడతామని ఆవిడే, నేనడక్కుండా, చెప్పింది.

పొద్దున నర్సు మాత్ర తెస్తే తల తిప్పేశావట. "మా అక్క పెంచే పురుగుని కాను నేను" అన్నావట. బాగా అన్నావు. నా మీద కోపం నా మీదే చూపించవే. మాత్ర మానేస్తే పోయేది నీ ఊపిరితిత్తులే.

ఏడుస్తున్నావా? ఏడవకే. ఇంకా ఉంది, మొత్తం చెప్పేస్తాను.

నర్సు పొద్దున్నే నా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది, మీరైనా నచ్చజెప్పండమ్మా అని. నేను రాలేదు. మాత్ర పడితే గంట సద్దుమణుగుతుంది. నాకేమో మోగుతున్నప్పటి రక్తం కావాలి. ఇంకాసేపు ఆగుదాం, కోపం తగ్గనీ అన్నాను ఆ పిల్లతో. తను నిజమే అనుకుంది. మధ్యాహ్నం టెస్టులకని నువ్వు చెయ్యి చాచావు చూడు, ఆ ట్యూబుల్లో రెండు నా ల్యాబుకి. అవి నిండాకే నీ గదిలోకి వచ్చాను. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, అందుకే నేనే చెప్పేస్తున్నాను.

నువ్వు వద్దంటే ఆ రెండూ ఇప్పుడే సింకులో పోసేస్తాను. నీ ఎదురుగానే.

ఇటు తిరిగావా. ఇదిగో మాత్ర, మింగు. మింగి ఏమైనా అను, చచ్చిపొమ్మను, ఈ గడప తొక్కద్దను.

వద్దని మాత్రం అనకే.