కిందనుంచి విన్న అడుగులు

అందరికీ నమస్కారం.

ముందు నా రాత సంగతి చెప్పాలి. నాది పల్లెటూరి బడి చదువు. నా అక్షరాలు వానకి బెదిరిన చీమల్లా ఉంటాయని మా మేష్టారు అనేవారు. ఒత్తులు ఉండాల్సిన చోట ఉండవు, అక్కర్లేని చోట ఉంటాయి. ఆ తప్పులు మీకు కనపడవు, నిజమే. కానీ ఈ కాగితం చదవాల్సింది నేనే కదా. అందుకని మధ్యలో నేను ఆగిపోతే, అయ్యో పెద్దాయన దుఃఖం పట్టలేకపోయాడు అనుకోకండి. తన రాత తనకే అర్థం కాలేదు అనుకోండి.

టీచరమ్మ వాళ్ళ అమ్మగారికి, అల్లుడుగారికి, క్లాసు ఆడపడుచులందరికీ ఈ ముసలివాడి పలకరింపు. అల్లుడుగారు అన్నది ఎందుకంటే, ఆమె నన్ను బాబాయ్ అని పిలిచేది. ఆ లెక్కన ఆమె భర్త నాకు అల్లుడే. నేనెవరో తెలియనివాళ్ళు ఉంటారు. ఈ హాలు కింద పటాలు కట్టే షాపు నాది. మీ పెళ్ళి ఫొటోలకీ, మీ పెద్దల ఫొటోలకీ ఫ్రేములు వేసేది నేనే. మీలో చాలామందికి నా కర్ర తెలుసు. నేను తెలియను.

మన టీచరమ్మ పోయింది. ఈ మాట రాశాను, కొట్టేశాను, మళ్ళీ రాశాను. నిద్రలోనే గుండె ఆగిందన్నారు. ఇంతమంది గుండెల్ని పొద్దున్నే లేపి పరుగెత్తించిన మనిషికి గుండె ఆగడమేమిటి? ఆ గుండె మన మాట కాకపోయినా ఆమె మాటైనా వినాలి కదా? ఎవర్ని అడగాలి?

అమ్మలారా, అయ్యలారా. మీరు ఆమెను ఎదురుగా చూశారు. ఆ గోడకున్న అద్దంలో చూశారు. నేను చూసింది తక్కువ. నేను విన్నాను. మీ నేల నా పైకప్పు. ఇన్నేళ్ళూ ఆమె పాఠం నాకు నెత్తిమీదనుంచే వచ్చింది.

ఆమె ఈ హాలు తీసుకున్న కొత్తలో మాట. అంతకుముందు ఇక్కడ గోనెసంచులు ఉండేవి. సంచులు మంచి పొరుగు. అడుగులు వెయ్యవు. ఒకరోజు పొద్దున్నే ఒక పెళ్ళి ఫొటోకి అద్దం కోస్తున్నాను. పైన ధన్ మంది. గీత వంకరపోయింది. సరేలే అనుకున్నాను. మళ్ళీ ధన్. ఈసారి గోడమీది పటాలన్నీ ఒక్కసారి తలూపాయి. ఎవరి తాతగారో మేకు వదిలేసి కిందికి దిగారు.

నాకు కోపం తక్కువ. వచ్చినా నోటికి రాదు, చేతికి వస్తుంది. బూజుకర్ర తీసి పైకప్పుని పొడిచాను. ఠక్ ఠక్ ఠక్. ఆపమని. పైన ఒక్క క్షణం ఆగింది. తర్వాత అచ్చం నేను పొడిచినట్టే ధన్ ధన్ ధన్ అని బదులొచ్చింది. ఒళ్ళు మండింది. గట్టిగా పొడిచాను. ఇంకా గట్టిగా బదులొచ్చింది. ఇదేదో ముఖాముఖి తేల్చుకుందామని కర్రతో సహా మెట్లెక్కాను.

తలుపు తీసి ఉంది. గదినిండా ఆడవాళ్ళు, ఒక్కొక్కరి ముందూ జానెడెత్తు చెక్కబల్ల. దానిమీదికి ఎక్కుతున్నారు, దిగుతున్నారు. ఎక్కడికీ వెళ్ళని మెట్టు ఎక్కి ఏం చేస్తారో నాకు బోధపడలేదు. టీచరమ్మ చెమట తుడుచుకుంటూ వచ్చింది. నా చేతిలో కర్ర చూసింది. "కిందనుంచి తాళం వేసింది మీరేనా బాబాయ్! ఎంత చక్కగా వేశారండీ! కాస్త తొందరపడుతున్నారు, అంతే" అంది.

వెటకారం కాదు. ఆమె నిజంగానే అలా అనుకుంది. పోట్లాటని పాట అనుకుంది. అప్పుడు నేను ఏమన్నానో తెలుసా? "మంచినీళ్ళున్నాయా అమ్మా" అన్నాను. ఇచ్చింది. తాగాను. దిగి వచ్చేశాను.

ఇంటికెళ్ళి చెబితే మా ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వింది. "పోట్లాటకి వెళ్ళి దాహం తీర్చుకొచ్చిన వీరుడండీ మా ఆయన" అని వీధంతా చాటింది. మర్నాడు ఆ టీచరెవరో చూసొస్తానని మోకాళ్ళు పట్టుకుంటూ తనే మెట్లెక్కింది. చూడ్డానికి వెళ్ళిన మనిషి చేరిపోయి వచ్చింది.

ఆ తర్వాత రోజూ షాపు తెరవగానే నేను కర్రతో ఠక్ ఠక్ అనేవాణ్ణి. పైనుంచి ధన్ ధన్. "వచ్చావా అమ్మా" అంటే "వచ్చాను బాబాయ్" అన్నమాట. మాటలు తక్కువ మనిషికి అంతకంటే హాయి ఏముంటుంది?

పాటకి బల్ల ఎక్కి దిగే ఈ వ్యాయామాన్ని, స్టెప్ ఏరోబిక్స్ అంటారట, ఆమె ఇంగ్లీషులో నేర్చుకుని వచ్చింది. అడుగులన్నిటికీ ఇంగ్లీషు పేర్లు. క్లాసులో సగం మందికి అవి నోరు తిరగవు, సగం మందికి చెవికెక్కవు. పేరు అర్థమయ్యేసరికి పాట దాటిపోయేది. కింద నాకు బస్తా చిరిగి బంగాళాదుంపలు దొర్లినట్టు వినపడేది. ఒక మధ్యాహ్నం వచ్చి నా షాపులో స్టూలు మీద కూలబడింది. "అడుగు కంటే ముందు మాట పడాలి బాబాయ్. కాలు పడ్డాక చెప్పేది పాఠం కాదు, చాడీ" అంది.

అక్కడే కూర్చుని తెలుగు పేర్లు కట్టడం మొదలుపెట్టింది. బల్ల మీదుగా అవతలికి దిగితే "గడప దాటు". కాళ్ళు ఎడంగా ఎక్కి దగ్గరగా దిగితే "తలుపు తియ్యి, తలుపు వెయ్యి". మోకాలు పైకెత్తితే "బురద". గిర్రున తిరిగి వెనక్కొస్తే "తాళం మర్చిపోయా". నవ్వండి, ఫరవాలేదు. ఇది చదివితే మీరు నవ్వుతారని తెలిసే రాశాను.

బల్ల ముందువైపు ఎక్కి పక్కవైపు దిగే అడుగు ఒకటుంది. దానికి మాత్రం పేరు కుదర్లేదు. నేను ఫ్రేము మూల అతుకుతున్నాను. నోరుజారి "పటం మూల" అన్నాను. ఆమె స్టూలు మీదనుంచి ఎగిరి లేచింది. మర్నాడు పొద్దున్న పైనుంచి కేక, "పటం మూల!" అందరి కాళ్ళూ ఒక్కసారి మూల తిరిగాయి. అమ్మలారా, అప్పటిదాకా నా మాట విని ఒక్క మనిషి కదిలింది లేదు. మా ఆవిడ సంగతి సరేసరి. ఆ రోజు గదినిండా మనుషులు కదిలారు.

ఆమె పాటకి అడుగుల కూర్పు కట్టే పద్ధతి మీరెవరూ ఎరగరు. నేను ఎరుగుదును. క్లాసుకి మీరు రాకముందే ఒక్కతే వచ్చేది. ఒక అడుగు వేసి చూసేది. ఆగేది. దానికి ఇంకోటి చేర్చేది. నచ్చకపోతే కుర్చీ ఈడ్చుకుని కూర్చునేది, అదీ వినపడేది. ఇంట్లో కూరలు తరుగుతున్నా కాళ్ళు ఊరుకునేవి కావని అల్లుడుగారే చెప్పారు. కుడికాలితో కట్టిందంతా మళ్ళీ ఎడమకాలితో మొదలుపెట్టి చేసేది. ఎందుకమ్మా ఇంత శ్రమ అని అడిగితే, "కుడికాలూ ఎడమకాలూ తోడికోడళ్ళు బాబాయ్. ఒకరికి పెట్టి ఇంకొకరికి పెట్టకపోతే నడుము సాధిస్తుంది" అంది.

మా ఆవిడ వెనకవరసలో ఉండేది. అందరి అడుగూ ధన్ మని పడ్డాక, ఒక్క రవ్వ ఆలస్యంగా, టప్. అది మా ఆవిడ. పైన ఎంతమంది ఉన్నా ఆ టప్ నాకు విడిగా తెలిసేది. "ఏమే, వెనకబడుతున్నావు" అంటే, "వెనకబడటమేం కాదు, మీకు వినపడాలని విడిగా వేస్తున్నా" అనేది. టీచరమ్మ ఒక్కనాడూ సరిదిద్దలేదు. "తాళం తప్పేవాళ్ళు ఉండరు పిన్నీ, తాళం తర్వాత వచ్చేవాళ్ళు ఉంటారు" అనేదట.

మా ఆవిడ పోయాక కొన్నాళ్ళు షాపు తెరవలేదు. తెరిచిన రోజు కర్ర ముట్టుకోలేదు. పైన క్లాసు మొదలైంది. ధన్.

తర్వాత, టప్.

చేతిలో సుత్తి చేతిలోనే ఉండిపోయింది. మళ్ళీ ధన్. మళ్ళీ టప్. మెట్లెక్కాను. ఎలా ఎక్కానో తెలియదు. గుమ్మంలోంచి చూస్తే, అందరూ అడుగు వేసి ఆగుతున్నారు. ఆగి, కాలి మునివేళ్ళతో నేలని మెల్లగా తడుతున్నారు. అందరూ. ఆమె నన్ను చూసింది. క్లాసు ఆపలేదు, నన్ను పలకరించలేదు. "పిన్ని అడుగు!" అని కేకేసింది. అందరూ ఆగారు. టప్.

వెనకబడిన అడుగుని కూర్పులో కలిపేసింది. మా ఆవిడ కోసం పాటే ఆగేలా చేసింది. మా ఆవిడ ముఖం కూడా ఎరగనివాళ్ళు ఇవాళ ఈ క్లాసులో ఉన్నారు. వాళ్ళకీ పిన్ని అడుగు వచ్చు. ఇంతకంటే మంచి పటం నేను కట్టగలనా? ఇన్నేళ్ళలో ఎవరికైనా కట్టానా?

ఇక్కడ రెండు వరుసలు అలికినట్టయ్యాయి. రాత వల్లే. ఉండండి.

ఇక అసలు మాట. నేర్పేవాళ్ళు లేరు కాబట్టి హాలు ఖాళీ చేసేద్దాం, బల్లలు ఎవరికైనా ఇచ్చేద్దాం అనుకుంటున్నారని విన్నాను. ఓనరుగారు మళ్ళీ సంచులు పెట్టుకుంటారట. సంచులతో నాకు విరోధం లేదు. కానీ ఒకటి చెప్పాలి. రోజూ సాయంత్రం షాపు కట్టేసేముందు గోడమీది పటాలన్నీ సరిచేయడం నాకు అలవాటు. మీ గంతులకి అన్నీ ఓరగా ఒరిగిపోయేవి. విసుక్కుంటూ సరిచేసేవాణ్ణి. ఆమె పోయిన దగ్గర్నుంచి చెయ్యి అలవాటుగా వెళుతుంది. సరిచేయడానికి ఏమీ ఉండదు. అన్నీ తిన్నగా ఉన్నాయి. పటాలవాడికి ఇంకేం కావాలి? నేను వాటికేసి చూడలేకపోతున్నాను.

అదిగో, దండ వేసిన టీచరమ్మ ఫొటో ఒక పక్కకి ఒరిగిందని ఇందాక బ్యాంకులో పనిచేసే మన క్లాసు అమ్మాయి సరిచేయబోయింది. నేనే వద్దన్నాను. తెలిసే అలా పెట్టాను. ఈ హాల్లో పటం తిన్నగా ఉంటే క్లాసు లేనట్టు లెక్క.

ఇంకొకటి. ఆమె కొత్త కూర్పు కడుతోంది. మీకింకా చెప్పలేదు. నేను విన్నాను. కుడివైపు పూర్తయింది. చివరిసారి వచ్చిన పొద్దున్న మొదటినుంచి చివరిదాకా ఆగకుండా వేసింది. కుర్చీ ఈడ్చలేదు. నచ్చిందన్నమాట. ఎడమవైపు మొదలుపెట్టలేదు.

అవి ఏ అడుగులో నాకు తెలియదు. బల్లమీద పడితే బోలుగా మోగుతుంది, నేలమీద పడితే గట్టిగా మోగుతుంది, అంతవరకే నా విద్య. ఏది గడపో ఏది బురదో నేను చెప్పలేను. అది మీకు తెలుసు. వరస నా చెవిలో ఉంది, అడుగులు మీ కాళ్ళలో ఉన్నాయి. నేను కిందనుంచి కర్రతో కొడతాను. మీరు పైన వెతుక్కోండి. కుడివైపు దొరికితే ఎడమవైపు దొరికినట్టే. ఇద్దరు తోడికోడళ్ళలో ఒకరికి పెట్టి వెళ్ళిపోయింది మన పిల్ల. రెండోవారిని పస్తుంచుదామా?

బ్యాంకు అమ్మాయీ, నీకే చెబుతున్నాను తల్లీ. టీచరమ్మకి జ్వరం వచ్చినప్పుడల్లా నువ్వే క్లాసు నడిపావు. కింద నాకు తేడా తెలిసేది, అబద్ధమాడను. కానీ పటాలు మాత్రం ఒరిగాయి. "నాకు ఆవిడలా రాదు బాబాయ్" అంటున్నావు. రాకపోతే ఏమమ్మా? తాళం తర్వాత రా. ఆ అడుగుకి ఈ క్లాసులో పేరుంది.

నా కాగితం అయిపోవచ్చింది. ఇప్పుడందరం లేచి మౌనంగా నిలబడదాం. ఎలాంటి మౌనమో చెబుతాను. పాట మొదలయ్యేముందు మీరంతా బల్లల ముందు కదలకుండా నిలబడేవారు చూశారూ, అప్పుడు కింద నాకు ఒక్క చప్పుడూ వినపడేది కాదు. పైన అందరూ ఉన్నారని ఆ నిశ్శబ్దం వల్లే తెలిసేది. ఇన్నేళ్ళూ నేను సుత్తి ఆపి విన్నది దాన్నే. అలా నిలబడండి. అది అయ్యాక నేను కిందికి దిగి, షాపు తెరిచి, కర్ర తీసి ఠక్ ఠక్ అంటాను. పెద్దవాణ్ణి, చేతులు పైకెత్తి ఎక్కువసేపు ఉండలేను.

జవాబు తొందరగా ఇవ్వండి.

లేవండమ్మా.