బావ తిప్పిన ముల్లు

ఏమిటే అమ్మడూ, స్టీరింగు పక్కన ఆ ఫోను? ఓహో, స్పీడు సరిచూస్తున్నావా! ముల్లు నలభై అంటోంది, ఫోనేమో యాభై అయిదంటోంది, అంతేనా? నీ పిచ్చిగానీ, మీటరు చెడిపోలేదే, చెడగొట్టారు. ఇంకెవరు, మీ తాతయ్యే, మా బావ మహానుభావుడు. నువ్వు పుట్టకముందే పోయాడులే. వాచీలు బాగుచేసేవాడు. కంటికి భూతద్దం బిగించుకుని బల్ల మీదకి వంగాడంటే ఇల్లు అంటుకున్నా లేచేవాడు కాదు. అదే మనిషి స్టీరింగు పట్టుకున్నాడా, ఇక చూసుకో, కాలు కుదురుగా ఉండేది కాదు.

మా అక్కేమో, అదే మీ నానమ్మ, ఆస్పత్రిలో నర్సు. అందులోనూ యాక్సిడెంటు కేసులొచ్చే వార్డు. రోజూ చూసి చూసి ఆవిడకి గుండెల్లో గుబులు. నలభై దాటితే చాలు, "ఆపండి, నేను దిగిపోతా!" ఉత్తుత్తి బెదిరింపే అనుకున్నాడు బావ. ఒకసారి నిజంగానే దిగి, సంచీ చంకన పెట్టుకుని రెండు కిలోమీటర్లు ఎండలో నడిచింది. వెనకాల ఈయన కారులో, "ఎక్కవే, నీకు దణ్ణం పెడతానే!" అంటూ. ఎక్కితే ఒట్టు! ఆ తర్వాత ఆర్నెల్లు ఈ కారు వైపు చూడలేదు. బావ వాలకం చూడాలి అప్పుడు! "ఒరే బావమరిదీ, అది పక్కన కూర్చుంటుందనే కదరా దీన్ని కొన్నది" అని ఒకటే గోల.

ఓ ఆదివారం పొద్దున్నే నన్ను లాక్కెళ్ళాడు. అప్పటికే ఆ మీటరు ముల్లు ఊడబీకి, కాస్త వెనక్కి తిప్పి బిగించేశాడు, గడియారం ముల్లు తిప్పినట్టు. మరి ఎంత తిరిగిందో తెలియాలిగా? ముల్లు నలభై మీద నిలిపి ఆయన నడపడం, కిలోమీటరు రాయి దాటగానే నేను స్టాప్‌వాచీ నొక్కడం, తర్వాతి రాయి దగ్గర ఆపడం. నిజంగా నలభై అయితే తొంభై సెకన్లు పట్టాలి. అరవై అయిదే పట్టింది! అంటే యాభై అయిదు. ఒకసారి సరిగ్గా రాయి దగ్గరే నాకు తుమ్మొచ్చింది, మళ్ళీ మొదట్నుంచీ తిప్పాడు, రాక్షసుడు. ఒక్కటే చిక్కు, కారు బయల్దేరి వీధి మలుపు తిరిగేదాకా ముల్లు సున్నా మీంచి లేచేది కాదు. అక్క అడిగితే "పాత బండి కదే, దానికింకా నిద్ర తీరలేదు" అనేవాడు. నవ్వాపుకోలేక నేను కిటికీలోంచి తల బయట పెట్టేవాణ్ణి.

మొత్తానికి అక్క ఎక్కింది. పద్నాలుగేళ్ళు ఊళ్ళన్నీ తిరిగారిద్దరూ.

బావ పోయిన మరుసటేడు నేనే ఉండబట్టలేక, "అక్కా, ఆ ముల్లు చెప్పేది అబద్ధమే, సరిచేయించేస్తా" అన్నాను. ఆవిడ బట్టలు మడతపెడుతోంది. తలెత్తలేదు. "నాకు చెప్తావేంట్రా? గడియారం చూస్తూ రోగుల నాడి లెక్కపెట్టినదాన్ని. రాయికీ రాయికీ ఎంత పడుతోందో నాకు తెలీదూ? మొదటి రోజే తెలిసింది" అంది. "మరి దిగిపోలేదేమే?" అన్నాను. "ఆర్నెల్లు పక్కసీటు ఖాళీగా పెట్టుకుని తిరిగాడ్రా పాపం, నేను చూళ్ళేకపోయాను. ఎక్కినప్పుడల్లా ప్రాణం అరచేతిలో పెట్టుకునే కూర్చున్నాను" అంది. పద్నాలుగేళ్ళు, అమ్మడూ. ఎక్కిన ప్రతిసారీ.

ఊఁ... సరేగానీ, ముందు చూసి నడుపు. ఆ లారీకి దారియ్యి.