బ్లోయర్ మీది మెష్ తీసింది నేనే

భూపాలపల్లిలో మెజిస్ట్రేటు గారి ఎదుట 27-03-2025, గురువారం ఉదయం 11.20 గంటలకు చెప్పగా రాసుకున్నది.

నా పేరు ఐలేశ్. తండ్రి పేరు ఓదెలు. వయసు 39 ఏళ్లు. టేకుమట్ల మండలంలోని మా ఊళ్లో, ఇంటి వెనక షెడ్డు వేసుకుని ట్రాక్టర్లు, నీళ్ల మోటార్లు బాగుచేస్తాను. పద్దెనిమిదేళ్లుగా ఇదే పని. ఐటీఐలో డీజిల్ మెకానిక్ చదివాను. నేరం ఒప్పుకోవాలన్న బలవంతం ఏమీ లేదని, ఇక్కడ చెప్పింది నా మీదికే రావచ్చని మెజిస్ట్రేటు గారు రెండుసార్లు చెప్పారు. రెండుసార్లూ అర్థమైందన్నాను. పోలీసులు నన్ను కొట్టలేదు. పొద్దున టీ కూడా ఇప్పించారు.

చనిపోయిన చరణ్ నా బావమరిది. నా భార్య రజితకు తమ్ముడు. వయసు 31. వాళ్ల అమ్మ గట్టమ్మ. నా మీద ఫిర్యాదు ఇచ్చింది ఆమే. నేను ఆమెను అత్తమ్మా అని పిలుస్తాను. మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది. పెళ్లయిన తర్వాత నాకు జ్వరమొస్తే పక్కన కూర్చున్నది అత్తమ్మే.

చరణ్ బొగ్గు ఓపెన్‌కాస్టులో డంపర్ డ్రైవర్. ఆ బండి వంద టన్నులు మోస్తుంది గానీ గనిలో దాన్ని ఇరవై స్పీడు దాటనివ్వరు. పేపర్లో అతన్ని 'రేసు పిచ్చోడు' అని రాశారు. రాసినాయన ఎనిమిది గంటలు ఇరవై స్పీడు మీద కూర్చుని చూస్తే బాగుండేది. చరణ్‌కు ఒకటే కోరిక ఉండేది. నాలుగు వందల మీటర్లు తిన్నగా, ఒక్కసారి, ఎవరూ ఆపకుండా పోవాలి. హైదరాబాద్ అవతల అలాంటి పోటీ ఒకటి పెడుతున్నారని, పదిహేను సెకన్ల లోపు వచ్చే కార్లనే తీసుకుంటారని కిందటి వానాకాలంలో వచ్చి చెప్పాడు. "బావ, కారు మనమే చేద్దాం. నువ్వు చెయ్యి, నేను నడుపుత" అన్నాడు. నేను మొదట నవ్వాను. తర్వాత రాత్రంతా నిద్ర పట్టలేదు. పద్దెనిమిదేళ్లలో నన్ను కొత్తది చేయమని అడిగినవాడు అతనొక్కడే. అందరూ పాతదాన్ని నడిచేలా చేయమనే అడుగుతారు.

పాత అంబాసిడర్ దొరికింది, పద్దెనిమిది వందల సీసీ పెట్రోల్ ఇంజిన్‌ది. బరువు తగ్గించడానికి వెనక సీటు, బంపర్లు, పక్క అద్దాలు, ముందు జాలీ, చివరికి డోర్ల లోపలి అట్టలు కూడా పీకేశాం. కేసముద్రంలో మూతపడిన ఒక రైస్ మిల్లు సామాను అమ్ముతుంటే పోయి, తవుడును గొట్టాల్లోంచి తోసే బ్లోయర్ తెచ్చాం. దాని లోపల రెండు రోటర్లు ఒకదాన్నొకటి తాకకుండా తిరుగుతాయి. దాన్ని కడిగి, బేరింగులు మార్చి, ఇంజిన్ మీద కూర్చోబెట్టి బెల్టుతో తిప్పాను. ఇంజిన్ తనంతట పీల్చే గాలికంటే ఎక్కువ గాలిని అది లోపలికి తోస్తుంది. గాలితో పాటు పెట్రోలూ ఎక్కువ మండుతుంది, బలం పెరుగుతుంది. సూపర్‌చార్జర్ అంటే ఇదే. జనగామలో లేతు పని చేసే దోస్తు దగ్గర పుల్లీ చేయించాను. అతనికి ఇందులో ఏ సంబంధమూ లేదు, కొలత నేనిచ్చిందే.

బ్లోయర్ మూతి బానెట్ కోసి పైకి పెట్టాం. ఆ మూతిలో గుండ్రటి రేకు ఒకటి ఉంటుంది. యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకుంటుంది, కాలు తీస్తే స్ప్రింగు దాన్ని మూస్తుంది. మూతిలోకి రాయీ రప్పా పోకుండా దాని మీద ఇనుప మెష్ పెట్టి రెండు బోల్టులకు బిగించాను. ఆ మెష్ పెట్టింది నేను. తీసింది నేను.

మార్చి 2, ఆదివారం పరుగులో 15.4 సెకన్లు వచ్చింది. మళ్లీ చేస్తే 15.3. మెష్ వల్ల ఇంజిన్‌కు ఊపిరాడడం లేదని నాకు తెలుసు. మార్చి 8, శనివారం సాయంత్రం ఆరింటికి నట్లు విప్పి మెష్ తీసి బల్ల మీద పెట్టాను. చరణ్ అడిగాడు: "ఏం గాదా బావ?" నేనన్నాను: "రోడ్డు మీద ఏమున్నది లోపటికి పోనీకి? ఊడ్పిస్త." నిజంగానే మర్నాడు ఐదున్నరకు లేచి నాలుగు వందల మీటర్లూ నేనే ఊడ్చాను.

మార్చి 9, ఆదివారం. పొద్దున 6.30కు అత్తమ్మ షెడ్డుకు వచ్చింది. చేతిలో కొబ్బరికాయ, నిమ్మకాయలు, పసుపు కుంకుమ, మిరపకాయలు గుచ్చిన నల్లదారం. చిటికెన వేలంత లావు ఊలు దారం. కారు చుట్టూ తిరిగింది.

"ఏంది అల్లుడా, దీనికి ముందట లేదు, ఎనుక లేదు. అద్దాలన్న లేకపాయె. దిష్టిదారం ఏడ కట్టాలె?" అంది.

నేను కారు కింద పడుకుని ఉన్నాను. "ఏడనన్న కట్టు అత్తమ్మా, జల్ది కానియ్యి, ఎండెక్కుతది" అన్నాను.

మెష్ తీసిన చోట బోల్టులు రెండూ బయటికి పొడుచుకుని ఉన్నాయి. ఆమె ఒకదానికి కట్టింది. మెష్ ఉంటే ఆమెకు అక్కడ బోల్టు దొరికేది కాదు. నేను బయటికి వచ్చి చూశాను. జానెడు కొసలు రెండు మూతి పక్కన వేలాడుతున్నాయి. కత్తిరించాలని అనిపించింది. చరణ్ అప్పటికే తల్లిని పక్కన నిలబెట్టుకుని ఫోటో తీసుకుంటున్నాడు. ఆమె నవ్వుతోంది. సరేలే అనుకున్నాను. ఆ ఫోటోలో టైము 6.50 అని ఉంది. దారం కనబడుతుంది.

రోడ్డు వాగు వైపు పోయే కొత్త తారు రోడ్డు. అనుమతి తీసుకోలేదు, అది నా తప్పే. ఇటు చివర ఒకరు, అటు చివర ఒకరు ఎర్ర తువ్వాళ్లతో బండ్లు ఆపారు. అటు చివర ఉన్నది అక్కడే పొలమున్న పోశాలు. నేను నాలుగు వందల మీటర్ల గీత దగ్గర నిలబడ్డాను. 7.12కు కారు బయల్దేరింది. గీత దాటేసరికి 14.6. నేను చెయ్యెత్తి అరిచాను. నాకు చాలా సంతోషం వేసింది. దీన్ని దాచను.

గీత దాటగానే చరణ్ కాలు తీయాలి. శబ్దం తగ్గాలి. తగ్గలేదు. బ్రేకు పడి వెనక చక్రాల నుంచి పొగ వచ్చింది. అయినా శబ్దం తగ్గలేదు. నా చెయ్యి ఇంకా పైనే ఉంది. తర్వాత ఒక్కసారిగా ఇంజిన్ ఆగింది, అప్పటికే కారు అడ్డం తిరిగింది. గీత నుంచి నూట ఎనభై మీటర్ల అవతల కల్వర్టు గోడకు డ్రైవర్ వైపు కొట్టింది. ఎడమచేతి పక్కన ఇంజిన్ ఆపే కట్ ఆఫ్ స్విచ్ పెట్టాను. ఇప్పుడు స్టేషన్‌లో చూసినా అది ఆఫ్‌లోనే ఉంది. చరణ్ చేయాల్సిందంతా చేశాడు.

నేను, పోశాలు కలిసి బయటికి తీశాం. పోశాలు ట్రాలీ ఆటోలో వేసుకుని దవాఖానకు బయల్దేరాం. అతని తల నా ఒళ్లో ఉంది. "కాలు తీసిన బావ" అన్నాడు. "తీసినవ్, నేను సూసిన" అన్నాను. నేను చూడలేదు, నాకెలా కనబడుతుంది? మళ్లీ "కాలు తీసిన" అన్నాడు. అలా నాలుగైదుసార్లు అన్నాడు. 7.40కి మాట ఆగింది. దవాఖానలో చనిపోయాడని రాశారు. ఊళ్లో అందరూ, భయంతో బ్రేకనుకుని యాక్సిలరేటర్ తొక్కాడని అంటున్నారు. అది అబద్ధం. తొమ్మిదేళ్లుగా డంపర్ నడిపినవాణ్ని అలా అంటుంటే నాకు కోపం వస్తోంది.

మార్చి 11న కారును గుర్తుపట్టడానికి ఎస్.ఐ. గారు పిలిచారు. బ్లోయర్ మూతిలోకి టార్చి వేసి చూశాను. రేకు పూర్తిగా తెరుచుకుని ఉంది. రేకుకూ గోడకూ మధ్య నల్లదారం ముద్దయి ఇరుక్కుంది, ఒక మిరపకాయ తొడిమ కూడా కనబడింది. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు ఆ మూతి మనిషి చొక్కా కొసను కూడా లాగేస్తుంది. దారాన్ని లాక్కుంది. కాలు తీశాక రేకు మూసుకోలేదు. నేను దాన్ని ముట్టుకోలేదు. ఇప్పటికీ అక్కడే ఉంది, చూసుకోవచ్చు. ఆ రోజు ఎస్.ఐ. గారు అడిగితే ఏమీ తెలియడం లేదని చెప్పాను. అత్తమ్మ పేరు ఎత్తడానికి నోరు రాలేదు.

మార్చి 19న పదకొండో రోజు. చుట్టాలందరి ముందు అత్తమ్మ ఆ ఫోటో ఉన్న ఫోన్ నా మొహం మీద పెట్టింది.

"గీడ దారం ఉన్నది. ఠాణాల సూస్తె లేదు. ఎటు పాయె? నీకు నమ్మకం లేదు. ఇప్పి పారేసినవ్. గా దారం ఉంటె నా కొడుకు బతికేటోడు. ఇప్పినవా లేదా, చెప్పు!"

రజిత కూడా నన్నే చూస్తోంది. నేను చెప్పగలిగినవి రెండే మాటలు. ఒకటి నిజం. అది చెబితే, తన చేత్తో కట్టిన దారమే కొడుకును చంపిందని ఆ మనిషి మిగిలిన రోజులన్నీ తెలుసుకుని బతకాలి.

"అవ్ అత్తమ్మా, ఇప్పిన" అన్నాను.

ఆమె నన్ను కొట్టింది. రజిత అదే సాయంత్రం తల్లి వెంట పోయింది. ఇప్పటిదాకా నాతో మాట్లాడలేదు. మర్నాడు అత్తమ్మ పోలీసులకు ఫిర్యాదు ఇచ్చింది. దిష్టిదారం విప్పి కొడుకు చావుకు కారణమయ్యానని అందులో ఉంది. ఎస్.ఐ. గారు చదివి, ఇది కేసులో నిలబడదని నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

ఈ వాంగ్మూలం నేనే అడిగి ఇస్తున్నాను. చరణ్ కాలు తీశాడని రాతలో ఉండాలి. అది రాయాలంటే దారం సంగతి చెప్పక తప్పదు. దారంలో తప్పు లేదు, కట్టిన చేతిలో తప్పు లేదు. అందరూ బండ్లకు కడతారు. మూతికి మెష్ ఉండాలి. ఎందుకుండాలో ఆ ఊళ్లో తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. మెష్ తీసింది నేను. ఊడ్చిన రోడ్డును చూసుకున్నాను గానీ మూతి పక్కన వేలాడే కొసను చూసి వదిలేశాను. శిక్ష దీనికి వేయండి.

ఒక్క మనవి. విచారణలో అత్తమ్మ నన్ను నిలదీసి దారం విప్పావా అని అడిగితే, విప్పాననే చెప్తాను. ప్రమాణం చేశాక అబద్ధమాడినందుకు వేరే శిక్ష ఉంటే అదీ వేయండి. ఆమె ఇప్పుడు బయట వరండాలో బెంచీ మీద కూర్చుని ఉంది. ఆమెకు చదువు రాదు.

రాసుకున్నదంతా నాకు చదివి వినిపించారు. చదివే ముందు తలుపు మూయమని అడిగాను, మూశారు. గొంతు తగ్గించి చదవమన్నాను, తగ్గించారు. ఒక్క మాట తీయలేదు, ఒక్క మాట చేర్చలేదు. అంతా నిజం.

(సంతకం) ఐలేశ్
మధ్యాహ్నం 12.45