మంచినీళ్ల సీసా

స్కేటింగ్ పోటీ మొదలయ్యే ముందు, ఉప్పుగూడ నుంచి వచ్చిన తల్లి పన్నెండేళ్ల కూతురి చక్రాల బూట్లకు లేసులు బిగిస్తోంది.

"అమ్మా, మోకాలు మల్ల వాచింది. వేళ్లు గూడ వంగుతలేవు."

"కీళ్లవాతమని కోచ్ సార్‌కు చెప్పినవా?"

"చెప్పిన. డాక్టరు చీటీ లేకుంటే ఆడనియ్యనన్నడు."

"చీటీ నేనిచ్చిన. ఏ రోగం లేదని మన గల్లీ కాంపౌండర్ రాసిండు."

"గిరగిర తిరిగేటప్పుడు పడితే?"

"నవ్వుకుంట లేవాలె. మోకాలు పట్టుకున్నవంటే మల్ల ఈ బూట్లు ముట్టనియ్య."

నొప్పికన్నా ఆ మాటకే ఎక్కువ జడిసిన అమ్మాయి, గొంతు తడుపుకుందామని సీసా అందుకుంది. మూత తిరగలేదు.

"తీసియ్యవా అమ్మా? మస్తు దూపైతుంది."

తల్లి చెయ్యి చాపబోయి ఆగింది.

"జడ్జీలు ఇటే చూస్తున్నరు. తాగినట్టు మూతి తుడుచుకొని పో."