మెలాతి భాషకు పదహారేళ్ళు ఆలస్యంగా ఒక సవరణ

1991 ఆగస్టు ఒకటో తేదీన బాండుంగ్ నగరంలోని పాలిటెక్నిక్ కంప్యూటర్ ప్రయోగశాలలో సహాయకురాలిగా అడుగుపెట్టి, చిన్నాపెద్దా అందరిచేతా ‘ఇబూ’ అని అమ్మలా పిలిపించుకున్న శ్రీమతి ఇమాస్ సూర్యతి గారు, ముప్పైనాలుగేళ్ళ నిష్కళంక సేవానంతరం పదవీ విరమణ చేస్తున్నారు. వారిని అభినందిస్తూ ఈ వీడ్కోలు సంచికలో నాలుగు మాటలు రాసే గౌరవం సహోద్యోగి ఓమన్ విగందాకు దక్కింది. ఆ గౌరవానికి అతను తగడు. ఎందుకు తగడో తన చేత్తోనే రాస్తున్నాడు.

తొలి దశాబ్దంలో ఇబూ గారు చెడిపోయిన యంత్రాలను బాగుచేశారు, అంతకు మించిన ఓర్పుతో బెదిరిపోయిన విద్యార్థులను కుదుటపరిచారు. కొత్తగా ప్రోగ్రాములు రాసే పిల్లల కోసం 2003లో, తీరిక వేళల్లో, ‘మెలాతి’ అనే చిన్న కంప్యూటర్ భాషను రూపొందించారు. మెలాతి అంటే మల్లె. రాసినవారు ఎక్కడ పొరబడ్డారో ఆ వరుసను చూపించి మరీ ఆగడం దాని సుగుణం. వారి స్ఫూర్తితో మరో నలుగురు తలా ఒక భాష అల్లుకున్నారు. ఓమన్ తన దానికి మెరుపనే అర్థంలో ‘కిలాత్’ అని పేరు పెట్టుకున్నాడు. కాకిపిల్ల కాకికి ముద్దు కదా.

తరగతిలో ఏ భాష నేర్పాలో తేల్చడానికి 2009లో పోలిక పెట్టారు. లక్ష పేర్లను అక్షరక్రమంలో పేర్చే పనిని ప్రతి భాషకూ ఇచ్చి, పట్టిన సమయం చూడాలి. ఆ బాధ్యత ఓమన్‌కు అప్పగించారు. బరిలో ఉన్నవాడు తీర్పు చెప్పకూడదన్న ఇంగితం అతనికి లేకపోయింది. కిలాత్ మొదట వచ్చింది, మెలాతి ఆఖరున.

“మల్లెమొగ్గ కదా ఇబూ, తాపీగా విచ్చుకుంటుంది” అని అందరి ముందూ ఎగతాళి చేశాడు. ఇబూ గారు నవ్వేసి, తాను తెచ్చిన కూరగాయల బజ్జీలు అతనికే ముందు పెట్టారు.

వారం తర్వాత మెలాతి పుస్తకంలో రెండో పేజీ తిప్పేసరికి అతనికి తల కొట్టేసినట్టయింది. ప్రతి అడుగునూ సరిచూసే కాపలా ఆ భాషలో ఎప్పుడూ ఉంటుందనీ, వేగం కావాలంటే మొదటి వరుసలో ఒక్క మాటతో ఆపవచ్చనీ అందులో ఉంది. తన భాషకు కాపలా తీసేసి, ఆమె భాషకు తెలియక ఉంచేసి పరుగు పెట్టించాడు. ఆ కాపలా ఆపి మళ్ళీ చూస్తే మెలాతే ముందుంది. అప్పటికే ఫలితం నోటీసు బోర్డు ఎక్కింది, తరగతిలో కిలాత్ నేర్పడం మొదలైంది, శాఖాధిపతి భుజం తట్టారు. ఓమన్ తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాడు. పదహారేళ్ళు ఊరుకున్నాడు.

ఇబూ గారు మళ్ళీ తమ భాష ఊసెత్తలేదు. 2014లో ప్రయోగశాల పర్యవేక్షకురాలైన తరువాత కూడా, తప్పు ఏ వరుసలో ఉందో చూపించని కిలాత్‌తో తంటాలుపడే పిల్లల పక్కన కూర్చుని తప్పులు వెతికిపెట్టారు.

గత నెల ఓమన్ వారి బల్ల దగ్గరికి వెళ్ళాడు.

“ఇబూ, ఆ పోలికలో తప్పు చేశాను. మీ భాషలో కాపలా ఆపలేదు.”

“తెలుసు ఓమన్. ఆ సాయంత్రమే ఇంట్లో పెట్టి చూసుకున్నా.”

“మరి అప్పుడే అడగలేదేం?”

“నువ్వే వచ్చి చెప్తావనుకున్నా. ఓ నెల చూశా.” ఆమె తీగలు చుడుతూనే ఉన్నారు. “నాదేముందిలే. తప్పెక్కడుందో తెలీక పిల్లలు ఏడుస్తుంటేనే నీ మీద ఒళ్ళు మండేది.”

“ఇప్పుడేం చెయ్యమంటారు?”

“సంచికలో రాయి. పొగడ్తలు తగ్గించి అది రాయి. మా మనవరాలు చదువుతుంది.”

కనుక ఆనాడు బోర్డు మీద ఉండవలసిన ఫలితం ఇది: మెలాతి నాలుగు సెకన్లు, ప్రథమ స్థానం. కిలాత్ ఏడు సెకన్లు, ద్వితీయ స్థానం.

శ్రీమతి ఇమాస్ సూర్యతి గారు సంపూర్ణ ఆరోగ్యంతో, మనవల సందడి మధ్య నిండు నూరేళ్ళు వర్ధిల్లాలని సహోద్యోగులందరూ ఆకాంక్షిస్తున్నారు. ఓమన్ కూడా ఆకాంక్షిస్తున్నాడు. క్షమించమని అడగడానికి మాత్రం అతనికి ఇంకా నోరు రాలేదు.